ఎర చేతికే విల్లు

ఆస్ట్రిడ్‌కి పదహారేళ్లు. డాక్టర్ కావాలని కోరిక. తల్లి లిలిత్‌కేమో యూనికార్న్‌ల పిచ్చి. అవి నిజంగానే ఉండేవనీ, మనుషుల్ని తినేవనీ, తమ వంశపు ఆడపిల్లలే వాటిని వేటాడి నామరూపాల్లేకుండా చేశారనీ చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతుంటుంది. ఆ మాటలు నలుగురిలో వినపడితే కూతురికి తల కొట్టేసినట్టుంటుంది. ఒక రాత్రి చెట్ల మాటునుంచి ఒంటికొమ్ము జంతువొకటి దూసుకొచ్చి, ఆస్ట్రిడ్‌తో ఉన్న కుర్రాణ్ని పొడిచి పడేస్తుంది. వాడు నెత్తురోడుతూ పడి ఉంటే, ఆ జంతువు ఆమె ముందు మాత్రం తల వంచి మోకరిల్లుతుంది.

డయానా పీటర్‌ఫ్రాయిండ్ నవల 'ర్యాంపెంట్' మొదలయ్యేది ఇలా. 2009లో వచ్చింది. అప్పటికి అమెరికాలో టీనేజీ పుస్తకాలన్నీ రక్తపిశాచాల చేతిలో ఉన్నాయి. 2005 నాటి 'ట్విలైట్' పుణ్యమా అని నెత్తురు తాగేవాడు కలల రాకుమారుడైపోయాడు. పీటర్‌ఫ్రాయిండ్ ఏటికి ఎదురీదింది. అందరూ భయంకరమైనదాన్ని ముద్దు చేస్తుంటే, ముద్దొచ్చేదాన్ని తీసుకుని కోరలు మొలిపించింది. ఈమె యూనికార్న్‌లలో మేకంత 'జీ' మొదలుకుని ఏనుగంత 'కర్కదాన్' దాకా అయిదు జాతులున్నాయి. అన్నిటి కొమ్ముల్లోనూ విషమే.

ఇదంతా ఆమె సొంత బుర్రలో పుట్టిందనుకోనక్కర్లేదు. గులాబీ జూలు, ఇంద్రధనుస్సు తోక, పుట్టినరోజు కేకు మీద నవ్వుమొహం... ఇవే నిన్నమొన్నటివి. అసలు మృగం మొదట్నుంచీ క్రూరమైనదే. పైగా మనదే! క్రీస్తుపూర్వం 400 ప్రాంతంలో టెసియస్ అనే గ్రీకు వైద్యుడు పారశీక చక్రవర్తి కొలువులో ఉండి 'ఇండికా' రాశాడు. ఇండియా మొహం చూసినవాడు కాదు, విన్నదంతా రాసేశాడు. అక్కడ గుర్రాన్ని మించిన అడవి గాడిదలుంటాయట. ఒళ్లు తెలుపు, తల ముదురెరుపు, కళ్లు నీలం. నుదుటి మీద మూరన్నర కొమ్ము, దానికి మూడు రంగులు. ఆ కొమ్ముతో చేసిన పాత్రలో తాగినవాడికి విషం ఎక్కదట. కొమ్ముతో పొడిచి, కాళ్లతో తన్ని, పళ్లతో కొరికి గుర్రాల్నీ మనుషుల్నీ చంపే ఆ జంతువును ప్రాణాలతో పట్టడం ఎవరి తరమూ కాదట. ఈ వర్ణనలో మన ఖడ్గమృగం పాలు కొంత ఉందని పండితుల మాట. నవలలో వేటగత్తెల మఠానికి రచయిత్రి ఈ టెసియస్ పేరే పెట్టింది.

మోటుపల్లి రాజ్యాన్ని ఏలుతున్న రాణి గురించి రాసిన మార్కోపోలో గుర్తున్నాడు కదా, అతను సుమత్రాలో ఖడ్గమృగాల్ని చూసి ఉసూరుమన్నాడు. బురదలో పొర్లే ఈ అనాకారి మృగమా కన్నెపిల్ల ఒళ్లో తల పెట్టుకునేది అని! కొమ్ముల వ్యాపారం మాత్రం ఆగలేదు. ఉత్తర సముద్రాల నార్వాల్ తిమింగలం దంతాన్నే యూనికార్న్ కొమ్మని నమ్మి యూరప్ రాజులు కొన్నారు. అది తిమింగలం దంతమేనని 1638లో డెన్మార్క్ వైద్యుడు ఓలె వోర్మ్ తేల్చాడు.

నన్ను పట్టుకున్నది ఆ కన్నెపిల్ల సంగతి. మధ్యయుగపు యూరప్ కథల్లో వేట పద్ధతి ఇది: ఒక కన్నెను అడవిలో ఒంటరిగా కూర్చోబెడతారు. మృగం వచ్చి ఆమె ఒళ్లో తల వాలుస్తుంది. పొదల్లో కాచుకున్న మగవాళ్లు బల్లేలతో వచ్చి పని ముగిస్తారు. న్యూయార్క్‌లోని క్లోయిస్టర్స్ మ్యూజియంలో 1500 ప్రాంతపు నేత తెరలున్నాయి. ఈ ఘట్టం నేసిన తెర చిరిగి రెండు ముక్కలే దక్కాయి. బూర ఊదే వేటగాడు అందులో నిక్షేపంగా ఉన్నాడు. చెలికత్తె ఉంది. కన్నె మాత్రం లేదు, మృగం మెడ మీద ఆమె చెయ్యి మిగిలిందంతే.

మన ఋష్యశృంగుడి కథలోనూ ఇదే ఎత్తు. అంగదేశంలో వానల్లేవు. ఆడవాళ్లంటే ఎరుగని ఆ కొమ్ము ముని అడుగుపెడితే గాని పడవు. రాజు రోమపాదుడు వేశ్యల్ని పంపాడు. వెళ్లనంటే రాజుకి కోపం, వెళితే ముని తండ్రి శపిస్తాడని భయం. పాపం, వాళ్లు వెళ్లారు. వాన పడింది. మునికి రాజు కూతురు శాంతతో పెళ్లయింది, దశరథుడి యజ్ఞమూ జరిగింది. ఆ వేశ్యల్లో ఒక్కరి పేరైనా మనకి గుర్తుందా? బౌద్ధ కథల్లో ఈ మునే ఏకశృంగుడు. ఈ కథే పడమటికి నడిచి యూనికార్న్ కథయిందని వాదించినవాళ్లూ ఉన్నారు.

పీటర్‌ఫ్రాయిండ్ ఆ ఎర చేతికే విల్లిచ్చింది. నవలలో అలెగ్జాండర్ చక్రవర్తి వంశంలో పుట్టిన కన్నెలకు మాత్రమే కొమ్ముల విషం ఎక్కదు, వాళ్లకే వేటాడే వేగం. రోములో శిథిలమైపోతున్న మఠానికి దేశదేశాల నుంచి అమ్మాయిలు చేరతారు. అక్కడ 'బోన్‌గ్రైండర్' అనే చిన్న యూనికార్న్ ఉంది. పేరుకి పెంపుడు జంతువు. వేటగత్తెల దగ్గర కుక్కపిల్లలా ఉంటుంది, మిగతావాళ్లు కనిపిస్తే ఆకలేస్తుంది దానికి. పుస్తకంలో నవ్వంతా దాని చలవే.

విల్లిచ్చింది గానీ పాత షరతు తీసెయ్యలేదు. శక్తి ఉండాలంటే కన్నెగా ఉండాలి. కథ విప్పేస్తున్నానని తిట్టుకోకండి, ఇది చెప్పకుండా ఈ నవల సంగతి చెప్పలేం. ఆస్ట్రిడ్ బంధువు, నేస్తం అయిన ఫిలిప్ప మీద ఒక కుర్రాడు అత్యాచారం చేస్తాడు. ఆమె ఇష్టంతో ఏ నిమిత్తమూ లేకుండా వేటశక్తి పోతుంది. నేరం వాడిది, పోగొట్టుకున్నది ఈమె. కొమ్ములకంటే ఈ నియమమే నన్ను ఎక్కువ భయపెట్టింది. రచయిత్రి దాన్ని సమర్థించదు, మంత్రమేసి మాయమూ చెయ్యదు. ఆ అమ్మాయిల మధ్య పడేసి, వాళ్లనే తేల్చుకోమంటుంది. ఆస్ట్రిడ్ ప్రేమలో పడ్డప్పుడు కూడా ఆ లెక్క ఆమె నెత్తి మీదే ఉంటుంది.

మందుల కంపెనీ కుట్ర దగ్గర మాత్రం కథ నీరసపడింది. యూనికార్న్ నుంచి సర్వరోగ నివారిణి తియ్యాలనుకునే పెట్టుబడిదారుణ్ని ఇంతకుముందు చాలాచోట్ల చూశాం. ఆ పేజీలు గబగబా తిప్పెయ్యొచ్చు.

రెండో భాగం 'అసెండెంట్' 2010లో వచ్చింది. అదే ఏడాది వచ్చిన 'జాంబీస్ వర్సెస్ యూనికార్న్స్' సంకలనంలో, నరమాంసం తినే యూనికార్న్ కూనను దొంగచాటుగా సాకే అమ్మాయి మీద ఈమె రాసిన కథ ఉంది. ముందు ఆ కథ చదివి, నచ్చితే నవలకి రండి. యూనికార్న్ బొమ్మ చూసి ఏడో తరగతి పిల్లలకు మాత్రం కొనిపెట్టకండి. పదిహేను దాటినవాళ్లకిచ్చి, వీలైతే మీరూ చదవండి. ఫిలిప్ప దగ్గరికొచ్చేసరికి వాళ్లు అడిగే ప్రశ్నలకు ఇంట్లో ఎవరో ఒకరు జవాబు చెప్పాల్సి ఉంటుంది.