చెలకల నేత

ఆత్మకూర్ అనగానే చరిత్రకారునికి అమరచింత సంస్థానమును, అచ్చట జరీ అంచులతో నేసిన సన్నని వస్త్రములును, తలపాగలును జ్ఞప్తికి వచ్చును. నాకు మాత్రము ఆ సీమ చెలకలపై గొర్రుతో నేసిన మఱియొక నేత స్ఫురించును. తొలకరికి పదునెక్కిన ఎఱ్ఱనేలలో కొన్ని సాళ్లు జొన్న, వాని నడుమ ఒక సాలు కంది, జొన్న మొదళ్లలో పెసర, బొబ్బర, అనుము, గట్టువెంట ఆముదము పడుగుపేకలవలె అల్లుకొన్న ఆ చేను, వాన ఎట్లు కురిసినను రైతును వట్టిచేతులతో ఇంటికి పంపుట అరుదు.

జొన్నవేళ్లు ఎక్కువగా పైమట్టిలో గుబురుకట్టగా, కంది తల్లివేరు లోతునకు దిగి అందని తేమను వెదకికొనును. జొన్న మూడున్నర నెలలకు కోతకు రాగా, అంతవరకు దాని నీడలో మెల్లగా ఎదిగిన కంది, పిమ్మట దొరికిన వెలుతురునంతయు త్రాగి, చలికాలమున కాయ పండించును. పప్పుజాతుల వేరుబుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని బంధించునని హెల్రీగెల్, విల్ఫార్త్ అను జర్మను శాస్త్రజ్ఞులు 1888 నాటికి నిరూపించిరి. కంది రాల్చిన ఆకు సయితము ఆ నేలకే ఎరువగును. 1972లో పటాన్‌చెరువున నెలకొన్న ఇక్రిశాట్ పరిశోధకులు, జొన్నతో కలిసి పెరిగిన కందికి ఎండుతెగులు తక్కువగా సోకుటను గమనించిరి. మెక్సికో రైతులు మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి ఒకే చేన పెంచుటయు ఈ న్యాయముననే.

ముందు పెసర, పిదప జొన్న, ఆ వెనుక ఆముదము, తుదకు కంది ఇల్లు చేరుటచేత కూలి నెలలతరబడి దొరకును. పిల్లలకు రొట్టెయు పప్పును, పశువులకు చొప్పయు అమరును. కోతలైన చేలలో గొల్లకురుమలు మంద పెట్టగా గొఱ్ఱెకు మేత, నేలకు సత్తువ. పాలమూరు కూలీలు దేశమంతట ప్రాజెక్టులు కట్టుటకు వలసపోయినది ప్రధానముగ కరవుచేతనే. అయినను అప్పు తెచ్చి పత్తి ఒక్కదానిపై సర్వస్వమొడ్డిన కుటుంబమునకు ఆ కరవు మఱింత క్రూరమగును. సమీపమున కృష్ణపై జూరాల ఆనకట్ట వెలసి, కాలువక్రింద వరి పచ్చబడుట చూచి నేనును సంతసించితిని. కాలువ అందని చెలకలకు సయితము ఒక్క పంట మోజు ప్రాకుటయే నాకు బాధ. ఆ మోజునకు కారణములు లేకపోలేదు. కోతయంత్రము కలిపిన చేనిలో దిగలేదు. రెండేసి బస్తాల నానాధాన్యములను బజారున అడుగువారును కొలదిమందియే.

ఈ చిక్కులన్నియు ఎఱిగియే జహీరాబాదు ప్రాంతపు పేద దళిత స్త్రీలు ఆ విద్యను నిలిపిరి. 1983లో ఆరంభమైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ తోడ్పాటుతో సంఘములుగా చేరి, బీడులను సాగుచేసి, ఒకే చేన పదికి మించిన పంటలు పండించుచు, బూడిదయు వేపాకును కలిపి గింజలను బుట్టలలో దాచుచున్నారు. సంక్రాంతి రోజులలో ఆ బుట్టలు ఎడ్లబండ్లపై ఊరూర ఊరేగును. 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ పురస్కారము ఆ సంఘములను వరించినది. విత్తనము లేనియామె పొరుగింట కొలిపించుకొని పోవును. పంట చేతికి వచ్చిన పిదప, తీసికొన్నదానికంటె కొంత ఎక్కువే కొలిచి ఇచ్చును.