వీడియో చెడకుండా సబ్‌టైటిల్స్ చేర్చుట ఎలా?

మన సంఘములలోని యువకులు తరచుగా అడుగుచున్న ఒక పనిని గూర్చి ఈ దినము మాట్లాడుకొందము. మొదట నా తప్పు ఒప్పుకొననివ్వండి.

మా సంఘపు పెద్ద ఒకరు ప్రభువునొద్దకు వెళ్లకముందు ఇచ్చిన సాక్ష్యము వీడియోలో ఉన్నది. ఆయన కుమార్తెకు పుట్టుకనుండి చెవులు వినిపించవు. తండ్రి మాటలు ఆమె చదువుకొనవలెనని నేనే తెలుగులో టైపు చేసి, ఆ అక్షరములను బొమ్మమీదనే పడునట్లు వేశాను. కంప్యూటరులో చోటు చాలక అసలు వీడియోను తీసివేశాను. కొన్నాళ్లకు ఆమె అన్న అది చూచి, "అయ్యగారూ, నాన్నగారు ‘నా బిడ్డను క్షమించాను’ అనలేదండి. ‘నా బిడ్డా, క్షమించు’ అన్నారు" అన్నాడు. ఒక్క మాటతో అర్థము తలక్రిందులైనది. దిద్దుదామంటే అక్షరములు బొమ్మలో కలిసిపోయినవి.

ఎక్కడ పొరపాటు జరిగినది? గమనించండి. వీడియో ఫైలు మనము అన్నము కట్టుకొనే క్యారియరు వంటిది. ఒక గిన్నెలో బొమ్మ, మరొక గిన్నెలో శబ్దము ఉండును. ఎం.పి.4, ఎం.కె.వి. అనునవి క్యారియరు రకములే గాని లోపలి వంటకముల పేర్లు కావు. పచ్చడి కావలెనంటే ఇంకొక గిన్నె పెట్టుకొందుము గాని, అన్నము మరల వండుదుమా? నేను చేసినది అదే. పైగా పచ్చడిని అన్నములో కలిపివేశాను. ఇక వేరుచేయుట ఎవరి తరము?

బొమ్మమీద అక్షరములు వేయవలెనంటే కుదించియున్న వీడియోను విప్పి, అక్షరములు వ్రాసి, మరల కుదించవలెను. దీనినే రీ-ఎన్‌కోడింగ్ అందురు. సెకనుకు 25 బొమ్మల చొప్పున గంట వీడియోలో 90,000 బొమ్మలు. జిరాక్సుకు జిరాక్సు తీసినట్లు ప్రతిసారి కొంత స్పష్టత పోవును. అలాకాక సబ్‌టైటిల్స్‌ను వేరే గిన్నెగా పెట్టినయెడల బొమ్మ, శబ్దము ఉన్నవి ఉన్నట్లే నకలగును. పని కొద్ది నిమిషములలో ముగియును.

మూడు సంగతులు జ్ఞాపకముంచుకొనండి.

మొదటిది, మాటల ఫైలు. నోట్‌ప్యాడ్‌లోనే వ్రాయవచ్చును. ఒక వరుసలో సంఖ్య, తరువాతి వరుసలో 00:04:10,500 --> 00:04:13,000 అని ఆరంభ సమయము, ముగింపు సమయము, దాని క్రింద మాట, ఆపైన ఒక ఖాళీ వరుస. దీనిని ఎస్.ఆర్.టి. ఫైలు అందురు.

రెండవది, అక్షరములు. మన కరపత్రములకు డి.టి.పి. వారు వాడే అను ఫాంట్ల టైపింగును ఇందులో అతికించినయెడల పిచ్చి గీతలు వచ్చును. యూనికోడ్ తెలుగులో టైపు చేసి, యు.టి.ఎఫ్-8గా సేవ్ చేయవలెను.

మూడవది, గిన్నె చేర్చుట. ఎం.కె.వి.టూల్‌నిక్స్ అను ప్రోగ్రాము ఉచితముగా దొరకును. దానిలోనికి వీడియోను, ఎస్.ఆర్.టి. ఫైలును లాగి వదలి, సబ్‌టైటిల్ భాషగా తెలుగును ఎన్నుకొని, స్టార్ట్ మల్టిప్లెక్సింగ్ బటన్ నొక్కండి. కొత్త ఎం.కె.వి. ఫైలు తయారగును, అసలు ఫైలు జోలికి అది పోదు. ఎం.పి.4గానే కావలెనంటే ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో బొమ్మకు, శబ్దమునకు ‘కాపీ’ అని, సబ్‌టైటిల్స్‌కు ‘mov_text’ అని ఆజ్ఞ ఇయ్యవలెను. ఈ మాత్రము కూడ వద్దనుకొంటే, ఎస్.ఆర్.టి. ఫైలుకు వీడియో పేరే పెట్టి ఒకే ఫోల్డరులో ఉంచండి. వి.ఎల్.సి. ప్లేయరు దానిని తానే తీసికొనును.

ఒక సంగతి దాచకూడదు. కొన్ని టీవీలలో తెలుగు ఫాంటు లేక అక్షరముల స్థానములో డబ్బాలు కనబడును. కనుక కూటమునకు ముందే ఆ టీవీలో వేసి చూడండి. అక్కడ బొమ్మమీద అచ్చు వేయక తప్పనియెడల వేరొక ప్రతిమీద వేయండి గాని, మూలప్రతిని ఎన్నటికి తీసివేయకండి.

దేవుని కృపవలన ఆ వీడియో తీసిన తమ్ముని దగ్గర మూలప్రతి మిగిలియున్నది. మాట దిద్ది, వేరే గిన్నెగా చేర్చి ఆ సహోదరికి చూపించాను. ఆమె ఆ ఒక్క వరుస దగ్గర వీడియోను ఆపి, చాలసేపు చూచినది. ప్రియులారా, మనము వ్రాసినదానిలో తప్పు ఉండవచ్చును. దిద్దుకొనుటకు చోటు ఉంచుకొందము.

ప్రభువు మిమ్మును దీవించును గాక. ఆమేన్.