తేట నీళ్లు చెప్పని ముచ్చట్లు

మహబూబాబాద్ జిల్లాలో శ్రీరాంసాగర్ ప్రాజెక్టు (ఎస్సారెస్పీ) రెండో దశ కాలువ కింద పొలమున్న రైతుకు మూడు రకాల నీళ్లతో పని. పొలంలో పారేది గోదావరి. వంటింట్లో మిషన్ భగీరథ నల్లా తిప్పితే వచ్చేది పాలేరు జలాశయం నుంచి తెచ్చి శుద్ధి చేసిన నీరు. పాలేరు నిండేది నాగార్జునసాగర్ ఎడమ కాలువతో కనుక అది కృష్ణ. పెరట్లో బోరు వేస్తే వచ్చేది ఈ రెండూ కాదు, కాళ్ల కింది గ్రానైటు పగుళ్లలో ఎన్నేళ్లుగానో నిలిచిన నీరు. మూడింటినీ కాస్త తేరనిచ్చి మూడు గాజు గ్లాసుల్లో పోయండి. ఏది ఏదో కళ్లతో చూసి చెప్పడం మన జిల్లా నెల్లికుదురు పెద్దమనుషుల వల్లా కాదు, పట్నం డాక్టర్ల వల్లా కాదు. నీళ్ల చదువు మొదలయ్యేది ఆ మూడు గ్లాసుల దగ్గరే.

*

తాగే నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ జబ్బు గురించి మన దేశంలో తొలి శాస్త్రీయ నివేదిక వెలువడింది తెలుగు నేల నుంచే. 1937లో అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో షార్ట్ అనే వైద్యుడి బృందం దాన్ని నమోదు చేసింది. ఆ పల్లెలు తర్వాత ప్రకాశం జిల్లాలోకి వెళ్లాయి. డాక్టర్ల కన్నా ముందు రైతులే పసిగట్టారంటారు. దుక్కికి కట్టిన ఎడ్లు కాళ్లు బిగుసుకుని కదలలేకపోయాయట. మనుషుల ఎముకల సంగతి ఆ తర్వాత తేలింది.

ఈ ఫ్లోరైడ్ ఏ ఫ్యాక్టరీ వదిలిందీ కాదు. గ్రానైటు రాళ్లలోని ఖనిజాలే మెల్లమెల్లగా నీటిలో కరుగుతాయి. నీళ్లు రాతిలో ఎంతకాలం నిలిస్తే అంతగా ఎక్కుతుంది. బోరు లోతుకు దించేకొద్దీ గండం పెరిగేది అందుకే. తాగే నీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే దిక్కు లేనప్పుడు 1.5 దాకా. అర మిల్లీగ్రాము తేడాతో పిల్లల పళ్ల మీద గోధుమరంగు చారలు పడవచ్చు. రంగు లేదు, వాసన లేదు, రుచి లేదు. దొంగ అంటే ఇలా ఉండాలి.

*

'నీళ్లు కాచి తాగుతున్నాం, మాకేం భయం లేదు' అనేవాళ్లు తప్పక తెలుసుకోవలసిన సంగతి ఒకటుంది. కాచితే క్రిములు చస్తాయి. ఫ్లోరైడ్, నైట్రేట్ చావవు, ఎందుకంటే అవి బతికున్నవి కావు. పైగా కొంత నీరు ఆవిరైపోయి గిన్నెలో మిగిలిన నీళ్లలో వాటి పాలు పెరుగుతుంది.

*

తెలంగాణ జిల్లా పేరు పెట్టుకుని ఆఫ్రికా దాకా వెళ్లిన విద్య ఒకటుంది. నాగపూర్‌లోని నీరి సంస్థ 1970లలో పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడ్‌ను అడుగుకు దించే పద్ధతి కనిపెట్టి, దానికి 'నల్గొండ టెక్నిక్' అని పేరు పెట్టింది. కెన్యా, టాంజానియా, ఇథియోపియాలలో వాడి చూశారు. రోగం వల్ల పేరుకెక్కిన ఊరు మందుకూ పేరైంది. ఇది గర్వపడాల్సిన విషయమో కాదో నాకిప్పటికీ తేలలేదు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు బడి పిల్లలకు రోజుకు 10 గ్రాముల చింతపండు ఇచ్చి పరీక్షించారు. మూత్రంలో బయటికి పోయే ఫ్లోరైడ్ పెరిగింది. పచ్చిపులుసు మన ఇంటి మందని అప్పుడే చాటింపు వేయకండి. మంచి నీళ్లకు బదులు చింతపండు సరిపోదు.

*

నీళ్ల శుద్ధి మిషను అమ్మడానికి ఒకాయన మీ గుమ్మం దాకా వచ్చే ఉంటాడు. రెండు గ్లాసులు అడుగుతాడు. ఒకదానిలో మీ నల్లా నీళ్లు, రెండోదానిలో తన మిషను నీళ్లు. రెండింటిలో లోహపు కడ్డీలు ముంచి కరెంటు పెడతాడు. నిమిషంలో మీ గ్లాసు తుప్పు రంగు తిరిగి, పైన నురగ కట్టి, చూడలేకుండా తయారవుతుంది. ఆయన గ్లాసు మాత్రం తేటగానే ఉంటుంది. ఇంటావిడ గుండె జారిపోతుంది.

ఆ చెత్త మీ నీళ్లలోది కాదు, ఆయన కడ్డీలోది. నీటిలో లవణాలుంటేనే కరెంటు పారుతుంది, పారితేనే కడ్డీలోని ఇనుము కరిగి తుప్పుగా విడిపోతుంది. మిషను నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు కనుక కరెంటు పారదు. ఈసారి ఆయన వస్తే ఆ రెండో గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ పెట్టమనండి. పెట్టెలు సర్దుకోవడం ఖాయం.

జేబులో పట్టే టీడీఎస్ మీటరుదీ ఇంచుమించు ఇదే కథ. కరిగిన లవణాల మొత్తాన్ని అది అంచనాగా చెబుతుంది. లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపుంటే మంచిదన్నది ప్రమాణం. కానీ అందులో ఫ్లోరైడ్ ఎంత, కలరా క్రిమి ఉందా అంటే మీటరు నోరు విప్పదు. మీటరు 80 చూపిస్తోందని మురిసిపోయే నీళ్లలోనే మురుగు చుక్క కలిసి ఉండవచ్చు.

*

వంటింట్లో కొన్ని పరీక్షలు పైసా ఖర్చు లేకుండా జరుగుతూనే ఉంటాయి, మనం చూడం అంతే. కందిపప్పు ఎంతసేపు ఉడికించినా పలుకు పలుకుగానే ఉందంటే, నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం పప్పులోని పెక్టిన్‌ను పట్టుకుని మెత్తబడనీయడం లేదన్నమాట. సబ్బు నురగ రాకపోయినా నేరం వాటిదే.

పసుపు కాగితం ఇంకో సాధనం. పెళ్లిలో పారాణికి పసుపులో సున్నం కలిపితే ఎర్రబడుతుంది కదా, క్షారం తగిలితే పసుపు చేసే పని అది. పసుపు నీళ్లలో ముంచి ఆరబెట్టిన కాగితం మీ బోరు నీళ్లకే ఎర్రబడితే, ఆ నీళ్ల పీహెచ్ 8.5 అనే హద్దు దగ్గర తచ్చాడుతోందో, దాటిందో అని అనుమానించాలి.

ఇనుముకైతే జామాకు. ఆకు దంచి నీళ్లలో వేస్తే, ఇనుము ఎక్కువున్నప్పుడు నీళ్లు నల్లటి ఊదా రంగుకు తిరుగుతాయి. ఆకులోని వగరు, నీటిలోని ఇనుము కలిసి చేసే పని అది. వెనకటి రోజుల్లో కరక్కాయతో సిరా చేసుకున్నదీ ఇదే కిటుకుతో. ఇనుప రాయికి పేరుపడ్డ బయ్యారం మన జిల్లాలోనే ఉంది కనుక జామ చెట్టున్న ప్రతి బడిలో ఈ పరీక్ష చేయించవచ్చు. అదే బయ్యారంలో కాకతీయ రాజు గణపతిదేవుడి సోదరి మైలాంబ చెరువు కట్టించి శాసనం వేయించింది. కాకతీయుల వంశక్రమాన్ని చరిత్రకారులకు తెలిపినవాటిలో ఆ చెరువు శాసనమూ ఒకటి. మన దగ్గర చరిత్ర కూడా చెరువు గట్టునే దొరుకుతుంది.

*

వాగు ఇసుకలో చెలిమ తోడి నీళ్లు తెచ్చుకున్న తరం ఇంకా ఉంది. 1829లో లండన్‌లో జేమ్స్ సింప్సన్ అనే ఇంజినీరు చెల్సీ నీటి కంపెనీ కోసం థేమ్స్ నీటిని ఇసుక పొరల గుండా మెల్లగా వడగట్టించాడు. ప్రపంచం దాన్ని గొప్ప ఆవిష్కరణ అంది. ఆకేరు వాగు ఒడ్డున బిందె, చిప్ప పట్టుకుని కూర్చున్న ఆడవాళ్లది అదే సూత్రం. ఇసుక లారీలెక్కి పోతే పోయేది ఇసుకొక్కటే కాదు, ఆ వడపోత కూడా.

చిల్లగింజ పేరు విన్నారా? కొన్ని చోట్ల ఇండుపగింజ అంటారు. కుండ లోపల అరగదీస్తే బురద నీళ్లు తేటపడతాయి. మునగ గింజల పొడీ అంతే. అందులోని మాంసకృత్తులు బురద రేణువులను గుంపు కట్టించి అడుగుకు లాగుతాయి. అయితే తేటపడటం వేరు, శుద్ధి కావడం వేరు.

పాత చీర సంగతి మాత్రం నన్ను ఎప్పుడూ అబ్బురపరుస్తుంది. బంగ్లాదేశ్‌లో 65 పల్లెల్లో రీటా కాల్వెల్ బృందం జరిపిన పరిశోధన 2003లో అచ్చయింది. వాడి వాడి మెత్తబడ్డ నూలు చీరను పలు మడతలు వేసి నీళ్లు వడగట్టుకున్న ఇళ్లలో కలరా 48 శాతం తగ్గింది. చీర బట్టలో ఇరుక్కోనంత చిన్నది కదా క్రిమి, మరి ఎలా? కలరా క్రిమి నీటిలో చాలావరకు ఒంటరిగా తిరగదు, కంటికి ఆనీ ఆననంత పురుగుల మీద సవారీ చేస్తుంది. చీర ఆపేది ఆ పురుగులను. కొత్త చీర కన్నా పాతదే మేలు, దారం విచ్చుకుని సందులు ఇరుకవుతాయి కనుక.

రాగి చెంబు గురించి 2012లో ఒక పరిశోధన వచ్చింది. 16 గంటలు రాగి పాత్రలో ఉంచిన నీళ్లలో విరేచనాల క్రిములు చనిపోయాయి. గుర్తుంచుకోండి, 16 గంటలు. నింపగానే ఎత్తి తాగితే అది చెంబు మాత్రమే.

*

1865లో ఏంజెలో సెక్కీ అనే ఇటలీ మతగురువు పోప్ గారి ఓడ మీద నుంచి తెల్లటి పళ్లెం ఒకటి సముద్రంలోకి దించి, ఎంత లోతున కనుమరుగవుతుందో కొలిచాడు. నీటి తేటదనాన్ని కొలవడానికి ఇప్పటికీ దానికి మించిన చవక పరికరం రాలేదు. ఒక స్టీలు ప్లేటు, కొంచెం తెల్ల రంగు, నల్ల రంగు, మూరమూరకు ముడి వేసిన తాడు ఉంటే మన చెరువుకూ చాలు. నెలకోసారి కొలిచి బడి గోడ మీద రాస్తే ఏడాదిలో చెరువు కథ బయటపడుతుంది. చెరువు మత్తడి దగ్గర, పెద్దవాళ్లు వెంట ఉన్నప్పుడే సుమా.

బతుకమ్మ పూలు చెరువును శుద్ధి చేస్తాయని ఏటా వింటుంటాం. తంగేడు, గునుగు మీద నాకెంత ప్రేమున్నా, ఆ మాటకు గట్టి కొలతలేవీ నా కంటబడలేదు. పూలు కుళ్లి నీటిలో కలిసిపోతాయి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వినాయకుడు అలా కలవడు, ఆయన ఒంటి రంగులూ చెరువును వదలవు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2020లో సవరించిన మార్గదర్శకాల్లో ఆ విగ్రహాలు వద్దంది. 2022లో ఖైరతాబాద్ గణపతి 50 అడుగుల ఎత్తున మట్టితోనే వెలిశాడు. అంతటి వాడికే మట్టి సరిపోయింది, మన గల్లీ గణపతికి సరిపోదా?

*

పటాన్‌చెరు దగ్గర మందుల ఫ్యాక్టరీల మురుగును శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికి వచ్చే నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి, 2007లో ఫలితాలు ప్రచురించారు. లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ కనబడింది. ఆ మాత్ర వేసుకున్న రోగి రక్తంలో ఉండే మోతాదును మించిన లెక్క అది. అందులో బతికి బట్టకట్టిన క్రిములకు ఇక ఆ మందు పని చేయదు. యాంటీబయాటిక్‌లకు లొంగని క్రిముల గురించి ప్రపంచంలో ఎక్కడ పాఠం చెప్పినా ఆ నీటి ప్రస్తావన వస్తుంది.

యూరియా ఎక్కువైన చోట నైట్రేట్ బాయిలోకి దిగుతుంది. హద్దు లీటరుకు 45 మిల్లీగ్రాములు. దాటితే ముందుగా ముప్పు పసిపిల్లలకే, డబ్బాపాలు కలిపే నీళ్ల వల్ల. జనగామ జిల్లా లింగాలఘనపురం మండలంలోని ఏనబావి 2006లోనే రసాయన ఎరువులు, పురుగుమందులు లేని ఊరుగా ప్రకటించుకుంది. అది మనకు పక్క జిల్లాయే. పిల్లలను విహారయాత్రకు ఎక్కడికి తీసుకుపోవాలా అని తలపట్టుకునే పంతుళ్లు రాసి పెట్టుకోవచ్చు.

*

2024 సెప్టెంబరు 1న కురిసిన వానకు ఇంటికన్నె, కేసముద్రం మధ్య రైలు పట్టాల కింద కంకర కొట్టుకుపోయి పట్టాలు గాలిలో వేలాడాయి. ఆ బొమ్మ దేశమంతా చూసింది. అలాంటి వరద బాయిల్లోకి ఏమేం తెస్తుందో ఏ బొమ్మలోనూ కనబడదు. బాయి శుద్ధికి లెక్క బడి పుస్తకంలోనే ఉంది, స్థూప ఘనపరిమాణం. బాయి అడ్డుకొలత 4 మీటర్లు, నీటి లోతు 5 మీటర్లు అనుకుంటే నీరు 62,800 లీటర్లు. మామూలు రోజుల్లో 1,000 లీటర్లకు 2.5 గ్రాముల మంచి బ్లీచింగ్ పౌడర్ చొప్పున 157 గ్రాములు పడుతుంది. వరద తర్వాత ఎంత వేయాలో ఆరోగ్య సిబ్బందిని అడగండి. పొడిని నేరుగా బాయిలో పోయకూడదు. బకెట్‌లో కలిపి, సున్నం అడుగున దిగాక, పైతేట మాత్రమే పోయాలి. సంచి మూతి విప్పి నెలలు గడిచిన పొడిలో మిగిలేది చాలావరకు సున్నమే.

*

నీళ్ల గురించి తెలుగులో చెప్పే పుస్తకాలేవని అడిగేవాళ్లకు ఒకటి గుర్తు చేస్తాను. మన పక్కనే ఉన్న ఇనుగుర్తిలో ఒద్దిరాజు సోదరులు 1922లో సొంత అచ్చుకూటం పెట్టి 'తెనుగు' పత్రిక నడిపారు. పల్లెటూళ్లో, నిజాం కాలంలో! ఇవాళ జన విజ్ఞాన వేదిక 'చెకుముకి' అనే పిల్లల సైన్స్ పత్రిక తెస్తోంది. 1993 నుంచి నడుస్తున్న బాలల సైన్స్ కాంగ్రెస్‌లో 10 నుంచి 17 ఏళ్ల పిల్లలు తమ ఊరి సమస్య ఎంచుకుని, కొలిచి, తమ భాషలోనే నివేదిక ఇవ్వవచ్చు. బోరు నీళ్లకు మించిన ఊరి సమస్య ఏముంటుంది?

పర్యావరణాన్ని తప్పనిసరి పాఠం చేయమని సుప్రీంకోర్టు 1991 నవంబరు 22న ఆదేశించింది, ఎం.సి. మెహతా వేసిన కేసులో. అదే తీర్పులో ఇంకో మాటుంది. సినిమా హాళ్లు ప్రతి ఆటలో పర్యావరణం మీద కనీసం రెండు స్లైడ్లు ఉచితంగా వేయాలి. ఈమధ్య ఎవరైనా చూశారా?

*

చివరగా ఒక చిన్న సీసా. గ్వాలియర్ రక్షణ పరిశోధన కేంద్రానికి చెందిన మంజ, మౌర్య, రావు అనే ముగ్గురు 1982లో దీన్ని ప్రపంచానికి చెప్పారు. సీసాలో మందు పూసిన కాగితం ముక్క ఉంటుంది. నీళ్లు నింపి, మూత బిగించి, వెచ్చటి చోట ఒకటి రెండు రోజులు ఉంచాలి. మలంతో కలుషితమైన నీళ్లయితే నల్లబడుతుంది. లేబొరేటరీ అక్కర్లేదు, ఇంగ్లీషు అక్కర్లేదు. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి ఐదుగురు ఆడవాళ్లకు నీటి పరీక్షలు నేర్పించాలన్నది నియమం. మీ ఊళ్లో ఆ ఐదుగురు ఎవరో గ్రామపంచాయతీలో అడగండి. సీసా నల్లబడితే అందులో బ్లీచింగ్ పౌడర్ వేసి అరగంట ఉంచాకే పారబోయండి.