ఆర్గన్ ధ్వనిలో సుడి

మొఘల్‌పురా పెండ్లి విందులలో, తాళమును తానే సమకూర్చుకొను అరేంజర్ కీబోర్డు నేడు కొత్త కాదు. అందలి ఆర్గన్ ధ్వని అలలుగా తేలివచ్చుటకు మూలము 1940 ప్రాంతమున అమెరికాలో డొనాల్డ్ లెస్లీ రూపొందించిన స్పీకరు పెట్టె. అందులో పై స్వరములకు కొమ్ము, మంద్రమునకు డ్రమ్ము మోటార్లతో తిరుగును. కొమ్ము మనవైపు వచ్చునపుడు శ్రుతి రవంత హెచ్చును, ఆవలికి మరలునపుడు తగ్గును. రైలుకూత దగ్గరై దూరమైనట్లే. కీబోర్డులో తిరుగునదేదియు లేదు, అంతయు లెక్కలతో చేసిన అనుకరణము.

నిమిషమునకు సుమారు 40 చుట్లు నెమ్మది, 400 వడి. అందమంతయు ఈ రెంటి నడుమనే యున్నదని మేమందుము: కొమ్ము చప్పున వేగమందుకొనును, డ్రమ్ము బరువుగా వెనుకబడును. ఆద్యంతము వడిలోనే ఉంచినచో పాడువారికి శ్రుతి చిక్కదు, వినువారికి తల తిరుగును! వేగము మార్చు పనిని ఫుట్‌స్విచ్‌కు అప్పగించినచో చేతులు స్వరములను విడువనక్కరలేదు. పల్లవిని నెమ్మదిగా సాగనిచ్చి, చివరి స్వరమును పట్టి నిలిపినపుడు కాలితో నొక్కవలెను. గాయకుడు మరల అందుకొనుటకు ముందే విడువవలెను.