చార్మినార్ దాటితే ఏముంది?

మా తమ్ముడి కూతురు అమెరికాలో పుట్టి పెరిగింది. పోయిన చలికాలం ఇద్దరు స్నేహితురాళ్ళను వెంటబెట్టుకుని వచ్చి, నగరం అవతలి కొసన ఒక పెద్ద హోటల్లో దిగింది. దిగిన రోజే ఫోన్ చేసింది. "అత్తమ్మా, మీ ఇంటికి రావాలని ఉంది. కానీ చార్మినార్ వరకే పొమ్మంటున్నరు ఇక్కడ. లోపలి గల్లీలలోకి వద్దంటున్నరు. నిజమేనా?"

మేముండేది హైదరాబాద్ పాతబస్తీలోని మొఘల్‌పురాలో. పెళ్ళయి ఈ గల్లీకి వచ్చి నలభై ఏళ్ళు దాటింది. నేను రోజూ కూరగాయల సంచి పట్టుకుని తిరిగే దారి గురించి, ఆ దారి ఎన్నడూ తొక్కని మనిషి ఎవరో నా మేనకోడలికి జాగ్రత్తలు చెప్పారు. కోపం రాలేదు గానీ మనసు కష్టపడింది.

ఈ మాట మన ఊరి వరకే ఉన్నది కాదు. కరీబియన్ దీవుల్లో కూడా రిసార్టు గేటు దాటవచ్చా, దాటకూడదా అన్నది ప్రతి యాత్రికుడి ప్రశ్నే. 2018 జనవరిలో జమైకా ప్రభుత్వం మాంటెగో బే పట్టణం ఉన్న సెయింట్ జేమ్స్ ప్రాంతంలో ఆత్యయిక పరిస్థితి ప్రకటించింది. అప్పుడు బ్రిటన్ తన పౌరులను రిసార్టుల్లోనే ఉండమంది. అక్కడ ముఠాల కాల్పులు నిజం, ఆ హెచ్చరికకు కారణం ఉంది. కానీ కారణం ఉన్న రోజున చెప్పిన హెచ్చరిక, కారణం పోయాక కూడా జనం నోట్లో అలాగే నిలిచిపోతుంది. పాతబస్తీకి జరిగింది అదే. మనకూ ఒక గేటు ఉంది. 1884లో నిజాం కాలపు నవాబు వికారుల్ ఉమ్రా పునాది వేసిన ఫలక్‌నుమా ప్యాలెస్ 2010 నవంబరు నుంచి హోటల్. గుట్ట మీద, ప్రహరీ లోపల, గేటు నుంచి గుర్రపు బగ్గీలో తీసుకెళ్తారు. గుట్ట దిగితే పాతబస్తీయే. దిగేవాళ్ళు ఎందరు?

అపోహ: చార్మినార్ దాకా పర్వాలేదు, గల్లీల్లోకి పోకూడదు

చార్మినార్ దగ్గర ఒక గంట నిలబడి వచ్చిపోయేవాళ్ళను చూడండి. యాత్రికుల కాళ్ళు ఎక్కువగా పడమటికే తిరుగుతాయి. లాడ్ బజార్‌లో గాజులు, ఖిల్వత్‌లో చౌమహల్లా, కాస్త దక్షిణంగా మక్కా మసీదు. ఉత్తరానికి పోతే గుల్జార్ హౌజ్, పత్తర్‌గట్టి ముత్యాల దుకాణాలు. తూర్పు వైపు మాత్రం ఎవరూ చూడరు. అటు వెళ్తే ముందు సర్దార్ మహల్ వస్తుంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ తన బేగం కోసం 1900లో కట్టించిన మేడ. అది దాటితే కోట్ల అలీజా, ఆ తరువాత మా మొఘల్‌పురా. నింపాదిగా నడిస్తే పదిహేను ఇరవై నిమిషాలు.

ఇక్కడ ఏముందని అడుగుతారు. టికెట్ పెట్టి చూపించేదేమీ లేదు. పోలీస్ స్టేషన్ ఉంది, ఫైర్ స్టేషన్ ఉంది, ఉర్దూ ఘర్ ఉంది, పిల్లలు ఆడుకునే స్పోర్ట్స్ కాంప్లెక్స్ ఉంది. దారి చెప్పమంటే అందరూ గుర్తుగా చెప్పే వాటర్ ట్యాంకు ఉంది. పాల దుకాణం, నాన్‌లు కాల్చే భట్టీ, మిషన్ కుట్టే ఆడవాళ్ళు, బడి వదిలే వేళకు రోడ్డు నిండా రిక్షాలు. భయపడి ఆగిపోయినవాళ్ళు పోగొట్టుకునేది ఈ మామూలు బతుకునే. కొత్త మనిషి గల్లీలో దారి తప్పి నిలబడితే రెండు నిమిషాలు గడవక ముందే ఎవరో ఒకరు "కిధర్ జానా బేటా?" అని అడుగుతారు. ఊరు గాని ఊళ్ళో అట్లా అడిగితే అనుమానం పుడుతుంది, ఒప్పుకుంటాను. ఇక్కడ మాత్రం అది పలకరింపు. అడ్రసు చెబితే వేలు చూపించి ఊరుకోరు, మలుపు దాకా వచ్చి వదులుతారు.

అపోహ: పాతబస్తీ అంటే కర్ఫ్యూ, బాంబులు

ఇది ఉత్తి అబద్ధం నుంచి పుట్టిన అపోహ కాదు. 1990 డిసెంబరు నాకు గుర్తుంది. కర్ఫ్యూ సడలించిన రెండు గంటల్లో పాలకు, ఉల్లిగడ్డలకు పరుగులు పెట్టిన రోజులు. మా ఇంట్లో చంటిపిల్ల. గల్లీ చివర ఉండే పెద్దమ్మ, అందరూ ఫాతిమా ఆపా అని పిలిచేది, తన మేక పాలు చెంబులో పోసి గోడ మీద నుంచి అందించేది. ఆ నెలలో ఈ నగరంలో మత కల్లోలాల్లో వంద మందికి పైగా చనిపోయారు. ఆ భయాన్ని తేలిక చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు.

అయితే ఆ భయాన్ని నేటికి కూడా అంటగడుతున్నాం. 2010 మార్చి చివర పాతబస్తీలో కర్ఫ్యూ పెట్టారు. 2012 ఏప్రిల్‌లో మాదన్నపేట, సైదాబాద్ వైపు, 2014 మేలో కిషన్‌బాగ్‌లో పెట్టారు. ఆ మూడూ కొన్ని పేటలకు, కొన్ని రోజులకు పరిమితమైనవి. ఈ రోజు మా వీధిలో హైస్కూలుకు పోయే పిల్లలను కర్ఫ్యూ అంటే ఏమిటని అడగండి, కరోనా రోజులని చెబుతారు.

బాంబుల సంగతి. 2007 మే 18 శుక్రవారం మక్కా మసీదులో పేలింది. నమాజు చేస్తున్నవాళ్ళు చనిపోయారు, తరువాత పోలీసు కాల్పుల్లో ఇంకొందరు పోయారు. అదే ఏడాది ఆగస్టు 25న జంట పేలుళ్ళు జరిగింది సచివాలయం పక్కన లుంబినీ పార్కులో, కోఠీ గోకుల్ చాట్‌లో. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్. ఈ నాలుగు చోట్లలో పాతబస్తీలో ఉన్నది ఒక్కటే. అయినా కోఠీకి, దిల్‌సుఖ్‌నగర్‌కు పోవద్దని ఏ హోటలువారూ చెప్పరు. పోవచ్చు కూడా. నేను అడిగేదల్లా ఆ న్యాయమే మాకూ వర్తింపజేయమని.

అపోహ: తెలుగువాళ్ళకు అక్కడేం పని?

మా ఇంటి నుంచి కొద్ది దూరం నడిస్తే హరిబౌలి. గోల్కొండ సుల్తాను తానీషా మంత్రులు అక్కన్న మాదన్నల పేరుతో ఉన్న మహంకాళి గుడి అక్కడ. ఇంకొంచెం దక్షిణానికి లాల్‌దర్వాజా సింహవాహిని గుడి. ఆషాఢంలో బోనాల ఆదివారం వచ్చిందంటే ఈ వీధుల్లో వేపమండల వాసన, పసుపు, పోతరాజుల కొరడా చప్పుడు. మర్నాడు హరిబౌలి నుంచి ఏనుగు మీద ఘటం బయల్దేరి చార్మినార్, గుల్జార్ హౌజ్ మీదుగా నయాపూల్ చేరుతుంది. మొహర్రం పదో రోజు దబీర్‌పురా బీబీ కా అలావా నుంచి ఏనుగు మీదనే అలం బయల్దేరి, అదే చార్మినార్, అదే గుల్జార్ హౌజ్ దాటుకుంటూ చాదర్‌ఘాట్ దాకా పోతుంది. రెండు ఊరేగింపులకూ తొవ్వ ఒకటే. రెండింటికీ అరుగుల మీద నిలబడి చూసేవాళ్ళలో సగం మంది ఒకరే.

భాష సంగతికొస్తే, ఉర్దూ రాకపోతే దారి దొరకదని భయపడక్కర్లేదు. గాజుల దుకాణాల్లో బేరాలు తెలుగులోనూ నడుస్తాయి. "రండి అక్కా, చూడండి, కొనకపోయినా పర్వాలేదు" అని పిలిచే కుర్రాళ్ళు ఇంటికి పోయి ఉర్దూ మాట్లాడతారు, అంతే.

అపోహ: ఆడవాళ్ళు ఒంటరిగా, అదీ రాత్రిపూట, రాకూడదు

రంజాన్ నెలలో రాత్రి పదకొండు గంటలకు లాడ్ బజార్ చూడని మనిషికి ఈ మాట పుడుతుంది. నడి రాత్రి చంటిబిడ్డలను చంకనెత్తుకుని గాజుల జోళ్ళు సరిచూసుకునే ఆడవాళ్ళు వందల మంది. హైదరాబాద్ లక్క గాజులకు 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ గాజు చేసేవాళ్ళలో, కొనేవాళ్ళలో ఈ గల్లీల ఆడవాళ్ళు ఎందరో ఉన్నారు.

ఆడపిల్లలకు వేధింపులు ఉండవా? ఉంటాయి, నగరమంతటా ఉన్నట్టే. 2014 అక్టోబరులో మొదలైన షీ టీమ్స్ ఇక్కడా తిరుగుతాయి. 112కు ఫోన్ చేస్తే పలుకుతారు. పర్యాటకులకు 1363 అని ఇరవై నాలుగు గంటల నంబరు వేరే ఉంది. రాత్రి పది దాటాక లోపలి గల్లీలు కొన్ని చీకటిగా, నిర్మానుష్యంగా ఉంటాయి. అప్పుడు పెద్ద రోడ్డు మీదే నడవాలి. ఇది మా ఇంటి ఆడపిల్లలకు నేను చెప్పే మాటే. అమీర్‌పేటలో ఉన్నా ఇదే చెబుదును.

అపోహ: వచ్చే అతిథికే ప్రమాదం

ఇది రాయడానికి చేయి వణుకుతుంది. 1991 ఆగస్టులో హైదరాబాద్ నుంచి ఢిల్లీ పోతున్న విమానంలో ఏడుస్తున్న ఒక పదేళ్ళ పిల్లను ఎయిర్‌హోస్టెస్ గమనించింది. పక్కన కూర్చున్నది అరవై ఏళ్ళ సౌదీ మనిషి, పెళ్ళి చేసుకుని తీసుకుపోతున్నాడు. ఆ పిల్ల ఈ నగరపు పేద ఇంటి బిడ్డ. ఇరవై ఆరేళ్ళ తరువాత, 2017 సెప్టెంబరులో సౌత్ జోన్ పోలీసులు ఇలాంటి పెళ్ళిళ్ళు కుదిర్చే ముఠాను పట్టుకుంటే, దొరికినవాళ్ళలో ఒమన్, ఖతర్ దేశస్థులు, బ్రోకర్లు, ఖాజీలు ఉన్నారు. లాడ్జీల్లో దిగి, డబ్బు చూపించి, పిల్లలను కొనుక్కున్నది బయటి నుంచి వచ్చినవాళ్ళు. పాతబస్తీ పోతే భద్రమేనా అని అడిగేవాళ్ళు, ఎవరి భద్రత గురించి అడుగుతున్నామన్నది కూడా ఒకసారి ఆలోచించాలి.

అపోహ: అయితే ఏ ప్రమాదమూ లేదన్నమాట

ఊరి మీద ప్రేమ కొద్దీ ఇలా చెప్పేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళతోనూ నాకు పేచీయే.

2025 మే 13న మిస్ వరల్డ్ పోటీలకు వచ్చిన అమ్మాయిలను చార్మినార్ దగ్గర మార్ఫా వాయిద్యాలతో ఆహ్వానించారు. లాడ్ బజార్‌లో గాజులు తొడిగించుకున్నారు. ప్రపంచమంతా చూసింది. సరిగ్గా అయిదు రోజులకు, మే 18 ఆదివారం తెల్లవారుజామున, అక్కడికి కూతవేటు దూరంలో గుల్జార్ హౌజ్ దగ్గర ఒక పాత ఇంటికి నిప్పంటుకుంది. కింద ముత్యాల దుకాణాలు, పైన కాపురం, రాకపోకలకు ఒకటే ఇరుకు మెట్ల దారి. ఒకే కుటుంబానికి చెందిన పదిహేడు మంది పోయారు, అందులో ఎనిమిది మంది పిల్లలు. మా మొఘల్‌పురా ఫైర్ స్టేషన్ బండి నిమిషాల్లో చేరుకుంది. అంతకు ముందే చుట్టుపక్కల దుకాణాల కుర్రాళ్ళు షట్టరు, గోడ పగలగొట్టి లోపలికి దూరే ప్రయత్నం చేశారు. పొగ వాళ్ళను పోనివ్వలేదు. చనిపోయింది హిందూ కుటుంబం, గోడ పగలగొట్టింది ముస్లిం కుర్రాళ్ళు. ఈ మాట రాయాల్సిన అవసరం లేకుండా ఉంటే బాగుండేది.

పాతబస్తీలో అసలు ప్రమాదం ఇదీ. తల మీద చిక్కుపడ్డ కరెంటు తీగలు, ఒకే మీటరు మీద పది ఏసీలు, అగ్నిమాపక బండి తిరగలేని సందులు. వాన పడితే నీళ్ళ కింద కనపడని మ్యాన్‌హోళ్ళు. ఎదురు దారిలో దూసుకొచ్చే బండ్లు. చార్మినార్ చుట్టూ పాదచారుల దారి వేశారు గానీ, అది దాటి రెండడుగులు వేస్తే మళ్ళీ ఆటోలతో పోటీపడాల్సిందే. యాత్రికుడు ఈ ప్రమాదాన్ని ఒక పూట భరించి పోతాడు. మేము ఇందులోనే కాపురం చేస్తున్నాం.

ఇక చిన్న మోసాలు. మీటరు వేయని ఆటో, గైడునని వెంటపడి తన కమీషన్ దుకాణానికే తోసుకుపోయే మనిషి, ముత్యమని అంటగట్టే గాజుపూస. ముత్యాన్ని పంటి అంచు మీద మెల్లగా రాస్తే అసలుది సన్నని ఇసుకలా గరగరలాడుతుంది, నకిలీది జారుతుంది. రెండు ముత్యాలను ఒకదానితో ఒకటి రాసినా అంతే. రశీదు లేకుండా కొనకండి. పండగ రాత్రుల గుంపులో ఫోను, పర్సు ముందు జేబులో పెట్టుకోండి.

వచ్చేవాళ్ళకు మరి నాలుగు మాటలు. శుక్రవారం చౌమహల్లా, సాలార్‌జంగ్ మ్యూజియం రెండూ మూసి ఉంటాయి, మక్కా మసీదులో మధ్యాహ్నం పెద్ద నమాజు. కాబట్టి వేరే రోజు మేలు. మెట్రో ఇంకా చాంద్రాయణగుట్ట వైపు రాలేదు, 2024 మార్చిలో శంకుస్థాపన జరిగింది. అందాకా ఎంజీబీఎస్‌లో దిగి ఆటో ఎక్కడమో, ఎంఎంటీఎస్‌లో యాకుత్‌పురా దిగి నడవడమో. ఇళ్ళ ముందు కూర్చున్న ఆడవాళ్ళను ఫోటో తీసేముందు అడగండి. ఒంట్లో బాగోకపోతే చార్మినార్ పక్కనే యునానీ ఆసుపత్రి, పురానీ హవేలీలో దుర్రుషెవార్ ఆసుపత్రి ఉన్నాయి.

మా మేనకోడలికి ఇవన్నీ ఫోన్లో చెప్పలేదు. "సర్దార్ మహల్ దగ్గర దిగు బిడ్డా, నేనొచ్చి నిలబడతా" అన్నాను. వచ్చారు ముగ్గురూ. కోట్ల అలీజా దాటేలోపు ఒక నాన్ భట్టీ ముందు ఆగిపోయారు. భట్టీ ఆయన వేడి నాన్ ఒకటి చీరి ముగ్గురికీ పెట్టాడు, డబ్బులిస్తే తీసుకోలేదు. "మెహమాన్ హై" అన్నాడు. ఇల్లు చేరేసరికి చీకటి పడింది. చాయ్ తాగుతూ అందులో ఒక పిల్ల నన్ను అడిగింది, ఇక్కడి నుంచి మా హోటలుకు తిరిగిపోవడం ఈ వేళప్పుడు భద్రమేనా, ఆ వైపు రోడ్ల మీద కార్లు చాలా వేగంగా పోతాయి కదా అని.