తెల్లవారుజామున చేపలు ఎందుకు తేలతాయి?

చేపలు, రొయ్యల చెరువుల దగ్గర ఏరేటర్లు ఎక్కువగా రాత్రిపూట, ముఖ్యంగా తెల్లవారుజామున తిరుగుతుంటాయి. ఎండ బాగా కాసే మధ్యాహ్నం చాలాచోట్ల ఆపేస్తారు. ఎందుకని మీ పిల్లలను అడిగి చూడండి. జవాబు నీటికి పచ్చరంగునిచ్చే సూక్ష్మమైన నాచులో ఉంది.

పగలు జమ, రాత్రి ఖర్చు

పొద్దు పొడవగానే నాచులో కిరణజన్య సంయోగక్రియ మొదలవుతుంది. నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తీసుకుని ఆక్సిజన్‌ను వదులుతుంది. నడినెత్తిన ఎండ మరీ తీవ్రమైతే పైపొరలోని నాచు కాస్త మందగిస్తుంది. కింది పొరల్లో పని సాగుతూనే ఉంటుంది. అందుకే నీటిలో ఆక్సిజన్ మధ్యాహ్నం 2 నుంచి 4 గంటల మధ్య గరిష్ఠానికి చేరుతుంది. కార్బన్ డయాక్సైడ్ తగ్గడంతో నీటి పీహెచ్ కూడా పెరుగుతుంది.

చీకటి పడితే తయారీ ఆగుతుంది, శ్వాస ఆగదు. నాచు, చేపలు, బ్యాక్టీరియా అన్నీ ఆక్సిజన్‌ను వాడుకుంటాయి. సూర్యోదయానికి ముందు నిల్వ అతి తక్కువగా ఉంటుంది. లీటరుకు 5 మిల్లీగ్రాములుంటే చేపలకు హాయి. 3 కంటే తగ్గితే ఇబ్బంది. అప్పుడే అవి పైకొచ్చి నోళ్లు తెరుస్తాయి. నాచు అతిగా పెరిగిన చెరువులో, మబ్బు పట్టిన రోజు తర్వాత ఈ ముప్పు ఎక్కువ. మురుగు కలిస్తే మరీను. 2016 మార్చిలో బెంగళూరు హలసూరు చెరువులో వేల చేపలు చచ్చి తేలినప్పుడు మురుగు, ఆక్సిజన్ కొరత గురించే చర్చ జరిగింది.

ఉప్పు కలిస్తే...

చిలికా, పులికాట్ సరస్సులవి ఉప్పు కలిసిన నీళ్లు. యానాం దగ్గర గౌతమిలోకీ పోటు నీరు వస్తుంది. 30 డిగ్రీల వేడిలో మంచినీరు లీటరుకు సుమారు 7.5 మిల్లీగ్రాముల ఆక్సిజన్‌ను పట్టుకుంటే, సముద్రపు నీరు 6.2 మాత్రమే పట్టుకుంటుంది. ఉప్పుకయ్య నీరు ఈ రెంటికీ మధ్యన ఉంటుంది. నదీ ముఖద్వారాల బురదలో ఉండే డయాటమ్‌లు పగటి పాటు వేళ పైకి పాకి ఎండ తాగి, పోటు వచ్చేలోగా బురదలోకి దిగిపోతాయి.

లోపలి గడియారం

ఈ లయ ఎండ ఒక్కదానిదే కాదు. మంచినీటి నీలి ఆకుపచ్చ నాచు సైనకోకాకస్‌ను ఎప్పుడూ ఒకే వెలుతురులో ఉంచినా 24 గంటల లయ తప్పదు. (పేరుకు నాచే అయినా ఇది నిజానికి బ్యాక్టీరియా.) 2005లో జపాన్ శాస్త్రవేత్త తకావో కోండో బృందం దీనిలోని మూడు ప్రొటీన్లను ఏటీపీతో కలిపి పరీక్షనాళికలో ఉంచితే, జీవకణం లేకుండానే ఆ గడియారం నడిచింది.

తరగతిలో చేయండి

పీచులా ఉండే నాచును చెరువు నీటితో సహా రెండు గాజు సీసాల్లో వేయండి. ఒకదానికి నల్లకాగితం చుట్టి, రెండింటినీ కిటికీ దగ్గర పెట్టండి. ఉదయం 8, మధ్యాహ్నం 12, సాయంత్రం 4 గంటలకు బుడగలు, నాచు తేలిన తీరు, పీహెచ్ పేపరు రంగు రాయించండి. వెలుతురు సీసాలో నాచు బుడగలతో పైకి తేలుతుంది. మర్నాడు తెల్లవారి మళ్లీ చూడండి. నీటిని పెద్దలే తేవాలి, పిల్లలను చెరువుకు పంపవద్దు.

పై తరగతుల్లో మీడియం మారే పిల్లలకు ఈ పాఠంతోపాటు రాష్ట్ర భాషలోని మాటా నేర్పండి. కిరణజన్య సంయోగక్రియను తమిళంలో ఒళిచ్చేర్క్కై, కన్నడంలో ద్యుతిసంశ్లేషణె, మరాఠీలో ప్రకాశసంశ్లేషణ, ఒడియాలో ఆలోక సంశ్లేషణ అంటారు.