సొంత బాధ ఉంటే చాలా? ఆర్ట్ థెరపిస్టులు ఎలా తయారవుతారో చెప్పే కోల్‌కతా

1996లో కోల్‌కతా పుస్తక ప్రదర్శనకు వెళ్లిన ఒక యువ నర్తకి, సంలాప్ అనే స్వచ్ఛంద సంస్థ పోస్టర్ ముందు ఆగిపోయారు. దాని మీద ఒక ఆడపిల్ల ముఖం, అమ్ముడుపోయిన పిల్లల గురించి కొన్ని పంక్తులు ఉన్నాయి. ఆమె పేరు సోహిని చక్రవర్తి. చదివింది సోషియాలజీ, చిన్నప్పటి నుంచి నేర్చుకుంది నాట్యం. ఆ పోస్టర్ చూశాక ఆమె సంలాప్ ఆశ్రయ గృహానికి వాలంటీరుగా వెళ్లడం మొదలుపెట్టారు. వ్యభిచార కూపాల నుంచి బయటపడిన అమ్మాయిలతో అక్కడ ఏళ్ల తరబడి పనిచేశారు. 2004లో ‘కోల్‌కతా సంవేద్’ స్థాపించారు. ఆ పేరు మన ‘సంవేదన’కు దగ్గరి మాటే.

చక్రవర్తి కథ ఇప్పటికే చాలా వేదికల మీద వినిపించింది. అంతగా చర్చకు రానిది ఆ తర్వాత జరిగిన పని. ఆశ్రయ గృహంలో ఆమె దగ్గర నాట్యం ద్వారా కోలుకున్న అమ్మాయిల్లో కొందరు తామే శిక్షకులయ్యారు. ఇతర ఆశ్రయ గృహాలకు, బడులకు, ఆసుపత్రులకు వెళ్లి తరగతులు నడిపారు, అందుకు జీతం తీసుకున్నారు. బాధితురాలిగా వచ్చిన మనిషి చికిత్స చేసే మనిషిగా మారడం వినడానికి బాగుంటుంది. కానీ మధ్యలో ఏం జరగాలన్నదే అసలు ప్రశ్న. డిప్రెషన్ నుంచి బొమ్మలు గీస్తూ బయటపడ్డవారు, ఆటిజం ఉన్న బిడ్డను రంగులతో పలికించిన తల్లులు, మతిమరుపు జబ్బు వచ్చిన తండ్రికి పాత పాటలు వినిపించిన కూతుళ్లు తెలుగు నగరాల్లోనూ ఉన్నారు. ‘నాకు పనిచేసింది కదా, నలుగురికీ చేద్దాం’ అనే ఆలోచన వారికి రావడం సహజం. ఆ ఆలోచన ఎంతవరకు సరిపోతుంది?

బొమ్మల క్లాసు వేరు, థెరపీ వేరు

ముందు ఒక అపోహ తీసేయాలి. ఆర్ట్ థెరపిస్టు అంటే బొమ్మ చూసి మనసు చదివేసే జ్యోతిష్కుడు కాదు. నలుపు వేస్తే విచారం, ఎరుపు వేస్తే కోపం, ఇంటికి కిటికీ గీయకపోతే ఒంటరితనం అంటూ సోషల్ మీడియాలో తిరిగే చిట్కాలను శిక్షణ పొందినవారు పక్కన పెడతారు. నల్ల క్రేయాన్ తీసుకున్న పిల్లవాడికి డబ్బాలో మిగిలింది అదొక్కటే కావచ్చు.

డ్రాయింగ్ క్లాసులో చివరికి వచ్చిన బొమ్మ ముఖ్యం. థెరపీలో బొమ్మ వేస్తున్నప్పుడు జరిగేది ముఖ్యం: పెన్సిల్‌ను కాగితం చిరిగేదాకా నొక్కాడా, సగంలో చుట్టి పారేశాడా, వేసింది చూపించడానికి భయపడ్డాడా, పోయిన వారం ముట్టుకోని తడి మట్టిని ఈ వారం ముట్టుకున్నాడా. దాని అర్థం చెప్పాల్సింది వేసిన మనిషే. చెప్పేదాకా ఆగడమే థెరపిస్టు పని.

కళ వల్ల మనసు తేలికపడటం కూడా దానంతటది థెరపీ అవదు. కలకత్తాను ప్లేగు చుట్టుముట్టిన రోజుల్లో అవనీంద్రనాథ్ ఠాగూర్ కూతురిని పోగొట్టుకున్నారు. 1902 నాటి ఆయన ప్రసిద్ధ చిత్రం ‘షాజహాన్ మరణం’లో, దూరాన తాజ్‌మహల్‌ను చూస్తూ ప్రాణం విడుస్తున్న చక్రవర్తి కాళ్ల దగ్గర కూతురు కూర్చుని ఉంటుంది. తన దుఃఖమంతా అందులో పోశానని ఆయనే తర్వాత చెప్పుకున్నారు. అక్కడ చిత్రకారుడు, దుఃఖంలో ఉన్న మనిషి ఒకరే. థెరపీలో ఇద్దరుంటారు. రెండో మనిషి దుఃఖానికి చోటివ్వాలంటే మొదటి మనిషి తన దుఃఖాన్ని కాసేపు పక్కన పెట్టగలగాలి. సొంత అనుభవంతో ఈ వృత్తిలోకి వచ్చేవారికి అన్నిటికన్నా కష్టమైన పాఠం ఇదే.

రోగులే మొదలుపెట్టిన వృత్తి

నిజానికి ఈ వృత్తి పుట్టిందే రోగి మంచం మీద. 1938లో బ్రిటిష్ చిత్రకారుడు ఏడ్రియన్ హిల్ క్షయతో శానిటోరియంలో చేరారు. పొద్దుపోక మంచం పక్కనున్న వస్తువులు గీయడం మొదలుపెట్టి, అది తన కోలుకోవడానికి సాయపడిందని గమనించి, తోటి రోగులకు నేర్పారు. ‘ఆర్ట్ థెరపీ’ అన్న మాటను వాడుకలోకి తెచ్చింది ఆయనే. అమెరికాలో డాన్స్ థెరపీకి ఆద్యురాలిగా చెప్పే మారియన్ చేస్ కూడా మొదట వెన్నుకు దెబ్బ తగిలి, డాక్టర్ సలహా మీద నాట్యం వైపు వచ్చినవారే. 1940లలో వాషింగ్టన్‌లోని సెయింట్ ఎలిజబెత్స్ మానసిక ఆసుపత్రిలో, మాట ఆగిపోయిన రోగులను వలయంగా నిలబెట్టి వారి కదలికలతోనే వారిని పలకరించారు.

ఇద్దరూ తమ జబ్బుతోనే మొదలుపెట్టారు. కానీ అక్కడితో ఆగి ఉంటే అది ఒక జ్ఞాపకంగా మిగిలిపోయేది. పక్క మంచం మీది మనిషికి తనకు పనిచేసిందే పనిచేయకపోవచ్చని గుర్తించడం దగ్గర వృత్తి మొదలైంది. బ్రిటన్‌లో 1964లో, అమెరికాలో 1969లో ఆర్ట్ థెరపిస్టుల సంఘాలు ఏర్పడ్డాయి. వాటితో పాటే శిక్షణ, పర్యవేక్షణ, నైతిక నియమాలు వచ్చాయి.

నాట్యం ఎందుకు?

సంవేద్ ఎంచుకున్నది డాన్స్ మూవ్‌మెంట్ థెరపీ. అక్రమ రవాణా నుంచి బయటపడిన అమ్మాయి తన కథను పోలీసులకు చెబుతుంది, మేజిస్ట్రేటుకు చెబుతుంది, కౌన్సెలర్‌కు చెబుతుంది, ఒక్కోసారి విలేఖరికీ చెబుతుంది. చెప్పిన ప్రతిసారీ అదే మళ్లీ జరిగినట్టుంటుంది. పైగా గాయపడింది శరీరం. ఆ శరీరం మీదే ఆమెకు అసహ్యం, సిగ్గు పేరుకుపోయి ఉంటాయి. మాటలతో మాత్రమే నడిచే కౌన్సెలింగ్ అక్కడిదాకా చేరడం కష్టం.

శాస్త్రీయ నృత్యం నేర్పితే సరిపోతుందా అంటే, దానిలో గురువు చూపించిన అడుగును తప్పు లేకుండా వేయాలి. జీవితమంతా ఇతరులు చెప్పినట్టు శరీరాన్ని కదిలించిన మనిషికి అది మరో ఆజ్ఞలా తోచవచ్చు. డాన్స్ మూవ్‌మెంట్ థెరపీలో తప్పొప్పులు ఉండవు. సాధారణంగా అందరూ వలయంగా నిలబడతారు. ఒళ్లు కాస్త వేడెక్కాక ‘అద్దం ఆట’ లాంటివి ఉంటాయి: ఒకరు చేయి ఎత్తితే ఎదుటివారు అద్దంలో బొమ్మలా అలాగే ఎత్తుతారు, తర్వాత పాత్రలు మారతాయి. చూడటానికి పిల్లల ఆటలా ఉంటుంది. కానీ తన కదలికను మరొకరు శ్రద్ధగా అనుసరించడం, ‘ఇక చాలు’ అనగానే ఆగడం ఆ అమ్మాయికి బహుశా అదే మొదటిసారి. చివర్లో మళ్లీ వలయం, నెమ్మదిగా ఊపిరి, కావాలనుకున్నవారు మాత్రం ఒకటి రెండు మాటలు.

ఇలాంటి చోట ముందు నిలబడి నడిపించే మనిషి కూడా ఒకప్పుడు అదే వలయంలో నిలబడినదని తెలిస్తే గదిలో వాతావరణం మారుతుంది. ‘నీకేం తెలుసు’ అనే అడ్డుగోడ ఉండదు. ఏ డిగ్రీ ఇవ్వలేని నమ్మకం అది.

అదే నమ్మకంలో ప్రమాదమూ ఉంది. ఎదుటి అమ్మాయి కథ తన కథలా వినిపించగానే థెరపిస్టు పాత గాయం రేగుతుంది. లేదా ‘నేను ఇలా బయటపడ్డాను, నువ్వూ ఇలాగే చెయ్యి’ అనే తొందర వస్తుంది. అందుకే శిక్షణతో పాటు క్రమం తప్పని పర్యవేక్షణ ఉండాలి. అంటే మరింత అనుభవం ఉన్నవారితో కూర్చుని, ఈ వారం గదిలో ఏం జరిగింది, అందులో ఎదుటి మనిషిది ఎంత, నాది ఎంత అని విడదీసుకోవాలి. సొంతంగా థెరపీ తీసుకోవడమూ చాలాచోట్ల శిక్షణలో భాగమే. సంవేద్ తన అనుభవాన్ని కోర్సుగా మార్చి, 2013లో ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌తో కలిసి డాన్స్ మూవ్‌మెంట్ థెరపీలో డిప్లొమా మొదలుపెట్టింది.

జైలు, ఆసుపత్రి

ఇదే నగరంలో పక్కపక్కనే చూడాల్సిన మరో రెండు ప్రయత్నాలున్నాయి. 2007లో నర్తకి అలోకానంద రాయ్ ప్రెసిడెన్సీ జైలుకు వెళ్లి ఖైదీలకు నాట్యం నేర్పడం మొదలుపెట్టారు. వారితో ఠాగూర్ గేయనాటిక ‘వాల్మీకి ప్రతిభ’ వేయించారు. దొంగ వాల్మీకిగా మారే ఆ కథలో ప్రధాన పాత్ర వేసిన ఖైదీ నైజెల్ అక్కారా, విడుదలయ్యాక 2012లో ‘ముక్తధార’ సినిమాలో కథానాయకుడయ్యారు. ఇది కచ్చితమైన అర్థంలో థెరపీ కాదు. కానీ జైలు నాలుగు గోడల మధ్య ఇంతకంటే ఎక్కువ పనిచేసిన థెరపీని చూపించడమూ కష్టమే. పేర్ల దగ్గర మరీ పట్టింపు అక్కర్లేదు, ఒక్కటి తప్ప: చికిత్స అని పేరు పెట్టిన చోట జవాబుదారీ ఉండాలి.

రెండోది రత్నావళి రాయ్‌ది. సైకాలజిస్టు అయిన ఆమె తానూ మానసిక అనారోగ్యం అనుభవించానని దాచకుండా చెబుతారు. ఆమె స్థాపించిన ‘అంజలి’ సంస్థ కోల్‌కతాలోని పావ్‌లోవ్ వంటి ప్రభుత్వ మానసిక ఆసుపత్రుల్లో పనిచేస్తుంది. జబ్బు నయమైనా ఇంటివారు తీసుకుపోక అక్కడే ఉండిపోయినవారితో లాండ్రీ, టీ దుకాణం నడిపించింది. సొంత అనుభవం ఆమెను చికిత్స కంటే హక్కుల వైపు ఎక్కువగా నడిపింది. కళాచికిత్స వైపు ఉత్సాహంగా వచ్చేవారు ఈ పని చూడటం మంచిది. ఒంటి మీద సొంత బట్ట, బయటకు వెళ్లే దారి లేని మనిషి చేతికి రంగుల డబ్బా ఇచ్చి ఫొటో తీసుకుంటే సంస్థ నివేదికకు పనికొస్తుందేమో కానీ, ఆ మనిషికి దక్కేది తక్కువ.

అమ్మానాన్నల దారి

కుటుంబ అనుభవం నుంచి పుట్టిన సంస్థలు మన దేశంలో చాలానే ఉన్నాయి. 1966లో కలకత్తాలో పుట్టిన మాలినీ ఛిబ్‌కు సెరిబ్రల్ పాల్సీ. ఆమెకు తగిన బడి దొరక్క తల్లి మిథూ అలూర్ ఆ రంగంలో చదువుకుని, 1972లో బొంబాయిలో స్పాస్టిక్స్ సొసైటీని ప్రారంభించారు. రెండేళ్లకు, 1974లో, సుధా కౌల్ నాయకత్వంలో కలకత్తాలోనూ అలాంటి కేంద్రం వచ్చింది. నేటి ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సెరిబ్రల్ పాల్సీ అదే. ఢిల్లీలో ‘యాక్షన్ ఫర్ ఆటిజం’ ప్రారంభించిన మెర్రీ బరువా కూడా ఆటిజం ఉన్న కొడుకు తల్లి.

మిథూ అలూర్ కథలో తల్లి ప్రేమ అందరికీ కనిపిస్తుంది. ‘చదువుకుని’ అన్న మాట మాత్రం జారిపోతుంది. తన బిడ్డ గురించి తల్లికి తెలిసినంత ఏ నిపుణుడికీ తెలియదు. కానీ ఆమెకు తెలిసింది ఒక్క బిడ్డ గురించే. తన బిడ్డ శాంతించిన జిగురు రంగులు పక్కింటి బిడ్డను హడలెత్తించవచ్చు.

బోర్డు ఎవరు పెట్టవచ్చు?

ఇక్కడే చట్టం వస్తుంది. వికలాంగుల పునరావాస నిపుణులను నమోదు చేసే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జాబితాలో ప్రత్యేక ఉపాధ్యాయులు, క్లినికల్ సైకాలజిస్టుల వంటి 16 రకాల వృత్తులున్నాయి. ఆర్ట్ థెరపిస్టు లేరు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని జాతీయ సంస్థలో ప్రత్యేక విద్య చదివినవారికి కౌన్సిల్ నంబరు ఉంటుంది. వారాంతపు వర్క్‌షాపు చేసి ‘ఆర్ట్ థెరపీ సెంటర్’ బోర్డు పెట్టినవారికి అలాంటి నంబరేమీ అక్కర్లేకుండా ఇన్నాళ్లూ గడిచింది. బోర్డు చూసి లోపలికి వెళ్లేది మాత్రం ఆత్మహత్య ఆలోచనలున్న కాలేజీ విద్యార్థి కావచ్చు.

2021లో వచ్చిన జాతీయ అనుబంధ, ఆరోగ్య సంరక్షణ వృత్తుల కమిషన్ చట్టం తన షెడ్యూల్‌లో ‘మూవ్‌మెంట్ థెరపిస్ట్’ అనే వర్గాన్ని చేర్చింది. ఆర్ట్, డాన్స్ థెరపిస్టులను అందులోనే కలిపింది. బొమ్మలు వేయించేవారిని కదలికల ఖాతాలో వేయడం విచిత్రంగా ఉన్నా, ఒక కేంద్ర చట్టం ఈ పేరు రాయడం పెద్ద అడుగే. చట్టం ప్రకారం అనుబంధ వృత్తి నిపుణులకు కనీసం 2,000 గంటల చదువు, ఆరోగ్య సంరక్షణ నిపుణులకు కనీసం 3,600 గంటల డిగ్రీ ఉండాలి.

రోగుల వైపు నుంచి చూస్తే ఇది అవసరమైన రక్షణ. సంవేద్ తయారుచేసిన శిక్షకుల వైపు నుంచి చూస్తే ఇదే గోడ. పదమూడేళ్లకు అమ్ముడుపోయి, బడి మధ్యలోనే ఆగిపోయిన అమ్మాయి డిగ్రీ గంటల లెక్క ఎప్పటికి పూర్తి చేస్తుంది? ఇంగ్లిష్ మాధ్యమంలో చదివి, ఫీజు కట్టగలిగినవారికే ఈ వృత్తి మిగిలితే, ఆ వలయంలో నమ్మకాన్ని తెచ్చిన మనిషి మళ్లీ సహాయకురాలి స్థానానికి, లేదా సభల్లో తన కథ చెప్పే అతిథి స్థానానికి వెళ్లిపోతుంది. ప్రమాణాలు తగ్గించమని దీని అర్థం కాదు. ఏళ్ల తరబడి పర్యవేక్షణలో చేసిన పనిని గంటలుగా లెక్కించే పద్ధతి, బడి చదువు ఆగినవారికి వంతెన కోర్సు, మాతృభాషలో పరీక్ష వంటివి నిబంధనల్లో పెట్టవచ్చు.

చట్టానికి ముందు నుంచి పనిచేస్తున్నవారు తమ అర్హతల వివరాలిచ్చి రెండేళ్లలోపు నమోదు చేసుకునే వీలును చట్టమే కల్పించింది. ఆ వివరాలను పరిశీలించాల్సింది రాష్ట్ర కౌన్సిళ్లు. ఆశ్రయ గృహంలో పదేళ్లు తరగతులు నడిపి, చేతిలో ఏ యూనివర్సిటీ కాగితమూ లేని మనిషి దరఖాస్తు మొదట చేరాల్సిన బల్ల అదే.